అభిప్రాయం నుంచి వాదన దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కళాశాలల్లో విమర్శనాత్మక ఆలోచన, వాదనాత్మక రచన ఇప్పుడు చాలాచోట్ల ఒక కోర్సుగా బోధిస్తున్నారు. ఆ కోర్సు చదువుతున్నవారి నుంచి, బోధిస్తున్నవారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థినిని. 'తరగతి గదిలో మొబైల్ ఫోన్లను నిషేధించాలా?' అనే అంశం మీద మమ్మల్ని వ్యాసం రాయమన్నారు. నేను రాసిన మొదటి పేరా ఇది: "నేటి యువత సెల్‌ఫోన్లకు బానిసలైపోయింది. పాఠం జరుగుతున్నంతసేపూ ప్రతి విద్యార్థీ ఫోన్ చూస్తూనే ఉంటున్నాడు. దీనివల్ల ఏకాగ్రత దెబ్బతింటోంది. కాబట్టి తరగతి గదుల్లో ఫోన్లను పూర్తిగా నిషేధించాలి." మా అధ్యాపకురాలు పక్కన 'అభిప్రాయం ఉంది, వాదన లేదు' అని రాసి తిరిగి ఇచ్చారు. కారణం చెప్పాను, తీర్మానమూ చెప్పాను. ఇంకా ఏం లోపించినట్టు?

జవాబు: మీ పేరాలో ఒక తీర్మానం ఉంది, దానికి ఒక కారణమూ ఉంది. లేనిదల్లా ఆ కారణాన్ని ఒప్పుకున్నవారు ఈ తీర్మానాన్ని కూడా ఎందుకు ఒప్పుకోవాలో చెప్పే మాట. మీ మనసులో ఆ మాట ఉండే ఉంటుంది. అది మీకు అంత సహజంగా తోచింది కనకనే రాయనవసరం లేదనుకున్నారు. నూటికి తొంభై వాదనలు బలహీనపడేది ఆ రాయని మాట దగ్గరే అని నా నమ్మకం.

బ్రిటిష్ తాత్వికుడు స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనల నిర్మాణాన్ని విశ్లేషిస్తూ దీనికి ప్రత్యేకమైన స్థానం ఇచ్చాడు. ఆయన పద్ధతిలో తీర్మానం ఒకటి, దానికి చూపించే ఆధారం ఒకటి, ఆధారాన్నీ తీర్మానాన్నీ కలిపే సూత్రం మరొకటి. రోజువారీ మాటల్లో మనం మొదటి రెండూ చెప్పి మూడోదాన్ని ఎదుటివారి ఊహకు వదిలేస్తాం. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన న్యాయశాస్త్రం (చట్టం కాదు, ప్రాచీన తర్కశాస్త్రం) వాదనకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు అవయవాలను నిర్దేశించింది. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నట్టు. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ఇందులో 'పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది' అన్న మూడో మెట్టును విడిగా చెప్పి తీరాలని, దానికి అందరూ ఒప్పుకునే దృష్టాంతం చూపించాలని నైయాయికులు, అంటే ఆ శాస్త్ర పండితులు, పట్టుబట్టారు. వాదం నిలబడేదీ పడిపోయేదీ అక్కడేనని వారికి తెలుసు.

ఇప్పుడు మీ పేరాకు వద్దాం. 'ఏకాగ్రత దెబ్బతింటోంది' అన్నది ఆధారం. 'పూర్తిగా నిషేధించాలి' అన్నది తీర్మానం. ఈ రెండింటినీ కలిపే సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాస్తే 'తరగతిలో ఏకాగ్రతను దెబ్బతీసే ప్రతిదాన్నీ పూర్తిగా నిషేధించాలి' అని వస్తుంది. కాగితం మీద చూడగానే మీకే సందేహం కలుగుతుంది. పక్కవారితో మాట్లాడడమూ ఏకాగ్రతను దెబ్బతీస్తుంది, కానీ చర్చలను మనం నిషేధించం. ఎప్పుడు మాట్లాడవచ్చో, ఎప్పుడు మాట్లాడకూడదో నియమం పెట్టుకుంటాం. అంటే మీ సూత్రం ఉన్నంత వెడల్పుగా ఉంటే నిలవదు. దాన్ని ఇరుకు చేయాలి: దెబ్బతీసే వస్తువు వల్ల కలిగే ప్రయోజనం దాని నష్టం కంటే తక్కువైనప్పుడు, అంతకన్నా తేలికైన ఆంక్ష ఏదీ పనిచేయనప్పుడు మాత్రమే నిషేధం సమంజసం. ఈ సూత్రాన్ని ఎక్కువమంది ఒప్పుకుంటారు. కానీ దీన్ని స్వీకరించిన మరుక్షణం మీ మీద రెండు కొత్త బాధ్యతలు పడతాయి. తరగతిలో ఫోన్ వల్ల ఉన్న ప్రయోజనం తక్కువేనని చూపించాలి. ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టడం, సంచిలో ఉంచడం వంటి తేలికైన ఏర్పాట్లు ఎందుకు చాలవో కూడా చూపించాలి. మీ వ్యాసంలోని తక్కిన పేరాలకు విషయం ఇక్కడే దొరుకుతుంది. 'ఇంకేం రాయాలో తోచడం లేదు' అని విద్యార్థులు అనడం తరచూ వింటుంటాను. ఆ సూత్రాన్ని బయటకు తీసి రాసుకున్నవారికి ఆ ఇబ్బంది అరుదుగా వస్తుంది.

మరో రెండు సంగతులు. 'నేటి యువత బానిసలైపోయింది' అన్న మొదటి వాక్యాన్ని తీసేసినా మీ వాదనకు నష్టమేమీ లేదు, ఎందుకంటే అది దేనికీ ఆధారం కాదు. మీ అసహనాన్ని మాత్రం తెలియజేస్తుంది. ఇక 'ప్రతి విద్యార్థీ' అన్న మాటను ఒక్క శ్రద్ధగల విద్యార్థిని చూపించి కొట్టిపారేయవచ్చు. 'చాలామంది' అంటే తీర్మానం బలహీనపడుతుందని భయపడకండి. టూల్మిన్ పద్ధతిలో ఇలాంటి పరిమితి పదానికి కూడా ఒక స్థానం ఉంది: ఎంతవరకు నిరూపించగలమో అంతవరకే చెప్పడం వాదన చేసేవారి నిజాయితీ. మీ పేరాను నేనైతే ఇలా తిరగరాస్తాను: "పాఠం వింటూ ఫోన్ చూసే విద్యార్థి తన ఏకాగ్రతనే కాక పక్కన కూర్చున్నవారి ఏకాగ్రతను కూడా చెడగొడతాడు. తన చదువును పాడుచేసుకునే స్వేచ్ఛ అతనికి ఉందనుకున్నా, ఇతరుల చదువును పాడుచేసే స్వేచ్ఛ లేదు. కాబట్టి అధ్యాపకులు పాఠంలో భాగంగా వాడమన్నప్పుడు తప్ప, తరగతి జరిగే సమయంలో ఫోన్లను పక్కన పెట్టించడం న్యాయమే." ఇందులో మధ్య వాక్యమే సూత్రం. దానితో విభేదించేవారు ఎక్కడ విభేదించాలో ఆ వాక్యమే వారికి చూపిస్తుంది, అలా చూపించడం మీ బలమే.

ప్రశ్న: వాదనాత్మక వ్యాసంలో అవతలి పక్షాన్ని కూడా రాయాలంటారు. మన వ్యాసంలో వారి వాదనను మనమే బలంగా వినిపిస్తే పాఠకుడు అటే మొగ్గిపోడా? వక్తృత్వ పోటీల్లో పాల్గొన్న అలవాటు వల్ల నాకు ఇది మింగుడుపడడం లేదు.

జవాబు: పోటీలో మీ ఎదుట న్యాయనిర్ణేత ఉంటాడు, గడియారం ఉంటుంది, గెలుపు ఒక్కటే లెక్క. వ్యాసం చదివేవారికి తొందర లేదు. మీరు దాటవేసిన అభ్యంతరం వారికి తోచిన క్షణంలోనే మీ మీద నమ్మకం సడలుతుంది. ఆ అభ్యంతరం మీకు తెలియదని అనుకుంటారు, లేదా తెలిసీ దాచారని అనుకుంటారు. రెండూ మీకు నష్టమే.

ఆ న్యాయశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విభజించాయి. సత్యం తెలుసుకోవడానికి ప్రమాణాలతో చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. కోర్సులో మీ నుంచి ఆశించేది మొదటిదాన్ని. మన శాస్త్ర గ్రంథాల్లో విషయం, సంశయం చెప్పిన తరవాత వచ్చేది పూర్వపక్షమే, అంటే అవతలివారి వాదన. సిద్ధాంతం, అంటే గ్రంథకర్త సొంత తీర్మానం, దాని తరవాతే. పూర్వపక్షాన్ని నీరసంగా రాస్తే సిద్ధాంతం కూడా నీరసంగానే కనిపిస్తుందని ఆ భాష్యకారులకు బాగా తెలుసు, అందుకే కొన్నిచోట్ల పూర్వపక్షం ఎంత గట్టిగా ఉంటుందంటే, కొత్తగా చదివేవారు అదే గ్రంథకర్త అభిప్రాయమని పొరబడతారు. ఇంగ్లండులో తాత్వికుడు జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛను గురించి రాస్తూ ఇదే దారిలో వెళ్ళాడు: తన పక్షం మాత్రమే తెలిసినవాడికి ఆ పక్షం కూడా తెలిసింది తక్కువేనన్నాడు. పైగా అవతలి వాదనను మన గురువుల నోట వింటే చాలదని, దాన్ని మనసారా నమ్మేవారి నోటనే వినాలని అన్నాడు.

ఆచరణలో ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీరు రాసిన పూర్వపక్షాన్ని, నిజంగా ఆ అభిప్రాయం ఉన్న సహాధ్యాయికి చూపించండి. 'అవును, నేననేది ఇదే, నాకన్నా బాగా చెప్పావు' అని వారు అంటేనే దానికి జవాబు రాయడం మొదలుపెట్టండి. 'ఇంత తెలివితక్కువగా ఎవరన్నారు?' అని వారంటే, మీరు గడ్డిబొమ్మను నిలబెట్టి దాన్ని పడగొట్టారని అర్థం. జవాబు రాసేటప్పుడు ప్రతి అభ్యంతరాన్నీ తిప్పికొట్టాల్సిన అవసరం లేదు. కొన్నింటిని ఒప్పుకుని, 'అయినా నా తీర్మానం ఎందుకు మారదంటే' అని చెప్పవచ్చు. కొన్నింటిని బట్టి తీర్మానాన్నే కొంత సవరించుకోవచ్చు. వ్యాసం రాస్తూ రాస్తూ మీ పక్షమే మారిపోతే ఇంకా మంచిది. చిత్తుప్రతిని పక్కన పెట్టి కొత్త పక్షం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది సైన్స్ గ్రూపు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదని మాకు ప్రతి తరగతిలోనూ చెబుతారు. మరి ఏదైనా కారణమని ఎప్పుడు చెప్పవచ్చు? వ్యాసంలో దాన్ని ఎలా చూపించాలి?

జవాబు: దీనికి నిర్వచనాల కంటే ఒక నిజమైన అన్వేషణను దగ్గరగా చూడడం మేలు. వియన్నా నగరంలోని జనరల్ హాస్పిటల్‌లో 1840ల్లో రెండు ప్రసూతి వార్డులు ఉండేవి. 1846లో మొదటి వార్డులో తల్లుల మరణాలు 11.4 శాతం, రెండో వార్డులో 2.8 శాతం. ఎక్కువ మరణాలకు కారణం బాలింత జ్వరం. అక్కడ పనిచేస్తున్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ వైద్యుడు ఈ తేడా ఎందుకో తెలుసుకోవాలనుకున్నాడు.

ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది, చలామణిలో ఉన్న ప్రతి కారణాన్నీ ఆయన 'ఇదే నిజమైతే ఇంకేం కనిపించాలి?' అని ప్రశ్నించిన తీరు. గాలిలోని విషం వల్లనే అన్నారు. అలాగైతే ఒకే ఆసుపత్రిలోని రెండు వార్డులకు ఇంత తేడా ఉండకూడదు, పైగా దారిలోనే ప్రసవించి వచ్చినవారిలో మరణాలు తక్కువగా ఉండకూడదు. కిక్కిరిసిపోవడం వల్ల అన్నారు. కానీ రెండో వార్డే ఎక్కువ కిక్కిరిసి ఉండేది. చనిపోతున్నవారి దగ్గరకు మత గురువు గంట మోగిస్తూ మొదటి వార్డు గుండా వెళ్ళడం వల్ల బాలింతలు భయపడుతున్నారన్నారు. ఆయనను గంట లేకుండా వేరే దారిలో వెళ్ళమని ఒప్పించినా మరణాలు తగ్గలేదు. ప్రసవ సమయంలో పడుకునే భంగిమ కూడా మార్చి చూశారు, ఫలితం లేదు. ఇలా ఒక్కొక్కటీ తొలగిపోగా మిగిలిన తేడా ఒకటుంది: మొదటి వార్డులో వైద్య విద్యార్థులు పనిచేసేవారు, రెండో వార్డులో మంత్రసానులు. విద్యార్థులు శవపరీక్షలు చేసి నేరుగా ప్రసవాల గదికి వచ్చేవారు.

ఇది కూడా అప్పటికింకా కలిసి కనిపించడం మాత్రమే. 1847లో ఆయన సహోద్యోగి జాకొబ్ కొల్లెచ్కాకు శవపరీక్ష సమయంలో ఒక విద్యార్థి కత్తి గీసుకుంది. కొద్ది రోజుల్లోనే బాలింత జ్వరం లాంటి లక్షణాలతో ఆయన చనిపోయాడు. శవాల నుంచి ఏదో పదార్థం చేతుల ద్వారా చేరుతోందన్న ఊహకు అది దారితీసింది. మే నెల మధ్య నుంచి అందరూ క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావణంతో చేతులు కడుక్కోవాలని సెమ్మెల్‌వైస్ నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18.3 శాతం ఉన్న మరణాలు జూన్‌లో 2.2 శాతానికి, జూలైలో 1.2 శాతానికి పడిపోయాయి. ఏదైనా కారణమని మనం అనదలచుకుంటే ఇలాంటి వరుస కావాలి: పోల్చదగిన రెండు గుంపులు, పోటీ వివరణలను ఒక్కొక్కటిగా పరీక్షించడం, కారణమనుకున్నదాన్ని తొలగించినప్పుడు ఫలితం కూడా తొలగిపోవడం. మీ వ్యాసంలో ఈ మూడూ అన్నిసార్లూ దొరకవు. ఏది దొరికిందో, ఏది దొరకలేదో చెప్పి, దాన్ని బట్టి తీర్మానం గొంతును పెంచడమో తగ్గించడమో చేయండి.

ఈ కథలో రచనకు సంబంధించిన భాగం ఇంకొకటి ఉంది. ఇంత స్పష్టమైన అంకెలు ఉండి కూడా సెమ్మెల్‌వైస్ తన వాదనను తానే రాసి ప్రచురించడానికి చాలా ఏళ్ళు తీసుకున్నాడు. ఆయన పుస్తకం వచ్చింది 1861లో. ఆ తరవాత తనతో విభేదించిన వైద్యులను హంతకులని నిందిస్తూ బహిరంగ లేఖలు రాశాడు. సూక్ష్మజీవుల సిద్ధాంతం అప్పటికింకా స్థిరపడలేదు కనక ఆయన ఆధారానికీ తీర్మానానికీ మధ్య ఉండాల్సిన వివరణ వైద్యలోకానికి అసంపూర్ణంగా కనిపించింది, ఆ లోటును నింపడానికి బదులు ఆ లేఖలు విరోధాన్నే పెంచాయి. 1865లో ఆయన చనిపోయేనాటికి ఆయన మాటకు విస్తృతమైన అంగీకారం రాలేదు. ఎంతోమంది తల్లుల ప్రాణాలు ఆధారపడిన వాదన అది. దాన్ని చదివేవారి సందేహాలను గౌరవిస్తూ, ముందుగానే, ఓపికగా రాసి ఉంటే ఎంత మేలు జరిగేదో అని ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

ప్రశ్న: చాట్‌జీపీటీ లాంటివాటితో వ్యాసం రాయించుకుంటే తప్పేమిటి? భాషా దోషాలు ఉండవు, మార్కులూ బాగా వస్తున్నాయి.

జవాబు: మీ కళాశాల నియమాలు ఏమంటున్నాయో ముందు తెలుసుకోండి, వాటిని దాటితే పర్యవసానం మీరే భరించాలి. ఆ సంగతి అలా ఉంచితే, ఈ కోర్సు మీకు ఇవ్వదలచుకున్నది వ్యాసం కాదు. ఒక వాక్యం రాసి, 'ఇది నిజమేనా? దీన్నుంచి అది వస్తుందా?' అని ఆగి, కొట్టేసి మళ్ళీ రాసే పనిలో మీ బుద్ధికి కలిగే వ్యాయామం. ఆ పనిని యంత్రానికి అప్పగిస్తే మీ చేతిలో తప్పుల్లేని కాగితం మిగులుతుంది, ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే చెప్పడానికి మాత్రం ఏమీ మిగలదు.

మొదటి చిత్తుప్రతిని మీ సొంతంగా రాసిన తరవాత, నియమాలు అనుమతిస్తే, ఆ యంత్రాన్ని ప్రతిపక్షంగా వాడుకోవచ్చు: 'నా వాదనకు గట్టి అభ్యంతరాలు ఏమిటి?' అని అడగండి. అది చూపించే పుస్తకాలనూ పరిశోధనలనూ మాత్రం గ్రంథాలయంలో మీ కళ్ళతో చూడనిదే ఉదహరించకండి. అసలు లేని గ్రంథాలను కూడా ఉన్నట్టుగా నమ్మకంగా చెప్పడం ఈ పరికరాలకు ఉన్న లోపం.

ప్రశ్న: మా అమ్మాయి ఈ కోర్సులో చేరినప్పటి నుంచి ఇంట్లో ఏం చెప్పినా 'ఆధారమేమిటి?' అంటోంది. చదువు పెరిగిందా, వినయం తగ్గిందా?

జవాబు: అడుగుతున్న తీరు నొప్పించేలా ఉంటే తీరు గురించి చెప్పండి, అడగడం గురించి మాత్రం సంతోషించండి. అదే ప్రశ్నను తన అభిప్రాయాలకు కూడా వేసుకుంటోందో లేదో గమనించండి. వేసుకోకపోతే, ఈసారి తను ఏదైనా గట్టిగా అన్నప్పుడు 'నీ మాట తప్పని తేలాలంటే ఏం కనిపించాలి?' అని మీరు నెమ్మదిగా అడగండి. తమ ఊహకు సరిపోయేవాటినే వెతకడం సైకాలజిస్టులకు బాగా తెలిసిన ఇబ్బంది. పీటర్ వేసన్ అనే సైకాలజిస్టు 1960లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 2, 4, 6 అనే అంకెలు ఇచ్చి, వాటి వెనక ఉన్న నియమాన్ని కనిపెట్టమన్నాడు. పాల్గొన్నవారు ఏ మూడు అంకెలు చెప్పినా అవి నియమానికి సరిపోతాయో లేదో ఆయన చెప్పేవాడు. చాలామంది '8, 10, 12' లాగా తమ ఊహకు సరిపోయేవే అడిగి, రెండేసి చొప్పున పెరగడమే నియమమని ప్రకటించారు. అసలు నియమం పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా సరే అన్నదే. '1, 2, 9' అని ఒక్కసారి అడిగినా తమ ఊహ సరికాదని వారికి తెలిసిపోయేది.

ప్రశ్న: నేను అధ్యాపకుడిని. మా శాఖలో రెండు అభిప్రాయాలున్నాయి. విమర్శనాత్మక ఆలోచనను విడి కోర్సుగా చెప్పాలని కొందరు, చరిత్రలోనో ఆర్థికశాస్త్రంలోనో కలిపే చెప్పాలని కొందరు అంటున్నారు. మీరు ఎటు?

జవాబు: ఏదో ఒక విషయం గురించి కాక ఊరికే ఆలోచించడం అంటూ ఉండదని, ప్రతి శాస్త్రానికీ దాని సొంత ప్రమాణాలు ఉంటాయని విద్యా తాత్వికుడు జాన్ మెక్‌పెక్ 1981లో గట్టిగా వాదించాడు. రాబర్ట్ ఎనిస్ వంటివారు అన్ని శాస్త్రాలకూ వర్తించే నైపుణ్యాలు ఉన్నాయని, వాటిని నేర్పవచ్చని అన్నారు. 2008లో ఫిలిప్ అబ్రామీ, ఆయన సహ పరిశోధకులు 117 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, సూత్రాలను విడిగా, స్పష్టంగా చెప్పి వాటిని ఒక పాఠ్యవిషయంలో అభ్యాసం చేయించే మిశ్రమ పద్ధతి ఎక్కువ ఫలితమిచ్చింది; సూత్రాలను పేరుపెట్టి చెప్పకుండా పాఠంలోనే వాటంతటవే అబ్బుతాయని వదిలేసిన పద్ధతి అన్నిటికంటే తక్కువ ఫలితమిచ్చింది. నా మొగ్గు కూడా మిశ్రమ పద్ధతి వైపే.

అయితే పద్ధతి కంటే పరీక్ష తీరు ఎక్కువ ప్రభావం చూపుతుందన్నది నా అభిప్రాయం. హేత్వాభాసాల (పైకి సరిగా కనిపించే తప్పుడు తర్కాల) పేర్లు జాబితాగా బట్టీ పట్టించి, నిర్వచనాలు అడిగితే, విద్యార్థులు నిర్వచనాలే నేర్చుకుంటారు. ఎదుటివారి మాటకు ఒక దోషం పేరు తగిలించి చర్చ ముగిసిందనుకునే అలవాటు కూడా వారికి అంటుకుంటుంది. మార్కుల్లో సగమైనా తిరగరాతకు కేటాయించి చూడండి. మొదటి చిత్తుప్రతికి మార్కులు వేయకుండా, ఆధారాన్నీ తీర్మానాన్నీ కలిపే సూత్రం ఏ వాక్యంలో ఉందో గీత గీసి చూపించమనండి. చాలామంది గీత గీయడానికి వాక్యం దొరకక ఆగిపోతారు. అప్పుడు ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చుని ఆ వాక్యాన్ని వారి చేతే చెప్పించి, వారి చేతే రాయించి, రెండో ప్రతితో పాటు మొదటి ప్రతినీ జతపరచి ఇమ్మనండి. తరగతిలో అరవై మంది ఉంటే ఇది కష్టమే. అలాంటప్పుడు సెమిస్టర్‌కు ఐదు వ్యాసాలకు బదులు రెండే పెట్టి, ఒక్కోదాన్ని మూడుసార్లు రాయించండి.